కప్పా, చెవీ

మనవాళ్ళు తాళానికి కప్ప అని పేరు పెట్టారు. దాన్ని తెరిచేదానికి చెవి అన్నారు. ఈ మాటలు కట్టినవాడెవడో గాని గట్టివాడే. తెలుగు ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను గదా, తాళంకప్పకు నిజంగానే చెవి ఒగ్గి వినాలన్న సంగతి మొన్న మొన్ననే తెలిసింది. చెప్పినవాడు విజయనగరం గంటస్తంభం దగ్గర తాళాలు బాగుచేసే పెద్దాయన.

మా అమ్మకి ఎనభై దాటాయి. శ్రీకాకుళంలో ఇల్లు ఖాళీచేసి నా దగ్గరికి వచ్చేటప్పుడు రేకుపెట్టె ఒకటి తెచ్చుకుంది. దానికి చిన్న ఇత్తడి తాళం. చెవి ఎక్కడ పెట్టిందో మరిచిపోతుంది. ఒక్కొక్కప్పుడు పెట్టెలోనే వదిలేసి పైన కప్ప నొక్కేస్తుంది. "సుత్తి పట్రండి, ఒక్క దెబ్బ చాలు" అన్నారు మా ఇంట్లో ఒకరు. "ఏటిరా, నా పెట్టె బద్దలుకొట్టీస్తారా?" అని అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. కొత్త తాళం ఎంతలో వస్తుంది! కాని తాను మరిచిపోతున్నానని ఆవిడకి తెలుసు. ఆ సంగతి సుత్తితో చాటింపు వేయడం నాకు ఇష్టం లేకపోయింది. అంచేత నేర్చుకోడానికి వెళ్ళాను.

"తమరి ఇంటి తాళమేనా?" అని పెద్దాయన రెండుసార్లు అడిగి, రెండే పిన్నులున్న పాత తాళం నా చేతిలో పెట్టాడు.

తాళం కడుపులో తిరిగే గొట్టం ఒకటి వుంటుంది. పిన్నులు జంటలు జంటలుగా, స్ప్రింగుల కింద, దానికి అడ్డుపడి వుంటాయి. సరైన చెవి పెడితే ప్రతి జంటా గొట్టం అంచు దగ్గర విడిపోతుంది, గొట్టం తిరుగుతుంది. అమెరికాలో లైనస్ యేల్ జూనియరు 1861లోనూ 1865లోనూ పేటెంట్లు తీసుకున్న పద్ధతి ఇదే. అయితే ఎంత జాగ్రత్తగా చేసినా రంధ్రాలన్నీ ఒక్క వరసలో రావు. అందుకని వంచిన రేకుతో గొట్టాన్ని కొంచెం తిప్పి పట్టుకుంటే ఏదో ఒక్క పిన్నే ముందు బిగుస్తుంది. సన్నని తీగతో దాన్ని వెతికి ఎత్తితే 'టిక్'మంటుంది. అప్పుడు ఇంకొకటి బిగుస్తుంది.

చెప్పడానికింతే. రాకపోతే ఏం చెయ్యాలన్నదే అసలు విద్య.

"రావట్లేదనకండి మేస్టారూ, ఏటి రావట్లేదో చెప్పండి" అంటాడు పెద్దాయన. ఛందస్సు పాఠంలో నేను పిల్లలతో అనే మాటే. పద్యం నడవలేదంటే చాలదు. ఏ పాదం, ఎన్నో గణం? ఒక్క పిన్నూ బిగియకపోతే రేకు మీద ఒత్తిడి చాలలేదన్నమాట. అన్నీ రాయిలా వుంటే ఎక్కువైంది. గొట్టం రవ్వంత తిరిగి నిలిచిపోయిందా, ఏదో పిన్ను హద్దు దాటి పైకి పోయి వుండవచ్చు. అప్పుడు రేకును వెంట్రుకవాసి చొప్పున వదులుతూ, పిన్నులు పడే చప్పుడు వినాలి. ఒకటి పడగానే ఆగాలి. అదృష్టముంటే మిగతావి నిలిచే వుంటాయి. లోపల గరగరమంటే పెన్సిలు ముల్లు పొడి వేయాలి. నూనె పోస్తే దుమ్ము పేరుకుంటుంది.

ఓపిక మాటకొస్తే హాబ్స్ అనే అమెరికా ఆయన్ని చెప్పుకోవాలి. 'తీసినవారికి 200 గినీలు' అని లండనులో బ్రామా కంపెనీవారు కిటికీలో పెట్టిన తాళాన్ని 1851లో తీశాడు. 16 రోజులలో మొత్తం 51 గంటలు పట్టింది! అది వేరే జాతి తాళమనుకోండి.

అమ్మ తాళంలో నాలుగు పిన్నులు. మూడోది మొండిది. పెద్దాయనకైతే రెండు నిమిషాల పని, నాకు పావుగంట. ఆ పావుగంటా అమ్మ పక్కనే కూచుని, ఆ తాళం శ్రీకాకుళంలో ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో చెబుతుంది. కొన్నవారు రోజుకొకరు.