ఒక్కటే మైకు

మా వారూ, మా అబ్బాయీ ఒక గదిలో కూర్చున్నారంటే మూడో మనిషిగా నేనుండి తీరాలి. "కాఫీ తాగుతాడేమో కనుక్కో" అని ఆయనా, "నాన్నగారు మాత్ర వేసుకున్నారా అమ్మా?" అని వాడూ, ఇద్దరూ నన్నే అడుగుతారు. రెండు గజాల దూరానికి నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజినన్న మాట!

దీనికంతటికీ మూలం ఒక వయొలిన్. మావారికి ఆ విద్య మా మావగారి నుంచి వచ్చింది. అబ్బాయికి ఏడో ఏటనే మొదలుపెట్టారు. పదిహేనో ఏట, శ్రీరామనవమి పందిట్లో ఇద్దరూ వాయిస్తూండగా, వాడు తనకి తోచిన సంగతి ఒకటి వేశాడు. "నేను చెప్పింది వాయించు, చాలు" అన్నారీయన నలుగురిలోనూ. వాడు మారు మాట్లాడలేదు. ఇంటికొచ్చి వయొలిన్ పెట్టెలో పెట్టాడు. పెట్టె అటకెక్కింది.

ఇప్పుడు వాడికి మేరీలాండ్‌లో ఉద్యోగం. క్రిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు, ఓ సాయంత్రం టీవీలో ఏదో అమెరికా పాట పెట్టాడు. బ్లూగ్రాస్ అంటారట దాన్ని. కోట్లూ టైలూ కట్టుకుని అయిదుగురు నిలబడ్డారు. గిటారుతో పాడే పెద్దాయన డెల్ మెకూరీ. మాండలిన్ పెద్దకొడుకు రానీది, బాంజో రెండోవాడు రాబ్‌ది. మాండలిన్ అనగానే మన పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొచ్చి నాక్కాస్త ధైర్యం వచ్చింది. ఇంకా ఒక వయొలినూ, మనిషంత ఎత్తు బేస్ వాయిద్యమూ ఉన్నాయి.

"వయొలిన్ నిలబడి వాయిస్తాడేమిటి, బస్సుకి వేళయినట్టు!" అన్నారు మావారు పేపరు వెనకనుంచి. నాతోనే సుమండీ.

చిత్రమేమిటంటే అయిదుగురికీ కలిపి మైకు ఒక్కటే. ఒక్క పొయ్యి దగ్గర అయిదుగురు తోడికోడళ్ళు మసిలినట్టు, ఒకళ్ళనొకళ్ళు తగలకుండా ముందుకొస్తున్నారు, వెనక్కెళుతున్నారు. పెద్దాయన చరణం పాడేసి పక్కకి తప్పుకున్నాడు. ఆ ఖాళీలోకి కొడుకొచ్చి మాండలిన్ వాయించాడు. అంతసేపూ తండ్రి వెనక నిలబడి గిటారుతో లయ అందిస్తూనే ఉన్నాడు.

మావారి పేపరు కిందికి దిగింది. "ఆ పెద్దాయన అలా పక్కకెందుకు పోతున్నాడ్రా?"

"రా" అన్నారు! అంటే నన్ను కాదు.

"ఉన్నది ఒక్కటే మైకు కదా నాన్నగారూ! ఆయన తప్పుకోకపోతే వీళ్ళు వినపడరు."

ఈయన మాట్లాడలేదు. నాకు గుండె దడదడలాడింది. కాసేపటికి వాడే అందుకున్నాడు. ఆయన 1939లో పుట్టాడట. 1963లో బిల్ మన్రో అనే మహా విద్వాంసుడి బృందంలో చేరాడు. బాంజో వాయించే ఈయన్ని గిటారు పట్టుకుని పాడమన్నాడట మన్రో. తర్వాత చాలా ఏళ్ళు కలప కొట్టే పని చేసుకుంటూనే పాడాడు. 1981లో పద్నాలుగేళ్ళ రానీ, కొన్నేళ్ళకి రాబ్ బృందంలో చేరారు. 2009లో కొడుకులిద్దరూ తమకి నచ్చిన పాటలకని వేరే బృందం కూడా పెట్టుకున్నారు. దానికి 2019లో గ్రామీ బహుమతి వచ్చింది.

"వేరు పడ్డారా?" అన్నారీయన వెంటనే.

"లేదు నాన్నగారూ! తండ్రితో పాటా మానలేదు."

ఆయన లేచి లోపలికెళ్ళారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. చూద్దును కదా, అటక కింద స్టూలు వేస్తున్నారు! ఈ వయసులో కాలు జారితే? "మీరు దిగండి, నేను తీస్తాను" అని వాడు పరుగెత్తాడు.

పెట్టె తీస్తే తీగలు రెండు తెగి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే తండ్రీ కొడుకులిద్దరూ స్కూటరెక్కి తీగల కోసం బజారుకెళ్ళారు. పదకొండయినా రాలేదు. ఏ వీధిలోంచి వెళితే దగ్గరో తేలక దారిపొడుగునా పోట్లాడుకున్నారట.

పోనిద్దురూ! ఆ పోట్లాటేదో నా ద్వారా కాకుండా జరిగింది, అంతే చాలు.