బాంబూఫ్లాట్‌లో ఉగాది

ఉగాది పచ్చడికి కావలసిన వస్తువులలో బెల్లము, చింతపండు, మామిడికాయ బజారులో కొనుక్కోవచ్చును. వేపపువ్వు మాత్రం చెట్టు ఇచ్చిన రోజులలోనే సేకరించుకోవాలి. 2025లో ఆ పువ్వును తడిబట్టలో చుట్టుకొని, సముద్రం మీదుగా సుమారు 1,200 కిలోమీటర్లు తీసుకువెళ్లి, దక్షిణ అండమాన్‌లోని బాంబూఫ్లాట్ అనే చిన్న పట్టణంలో పండుగ చేసుకున్నాము. ఈ ప్రయాణం మేము చేయవలసిన కాలానికి 35 సంవత్సరాలు ఆలస్యంగా జరిగినది. ఆ ఆలస్యాన్ని గురించి కూడా చెప్పకపోతే ఈ యాత్రా విశేషం సంపూర్ణం కాదు.

1982లో ముగ్గురు మిత్రులం ఒకే బ్యాచ్‌లో శిక్షణార్థులుగా ఉద్యోగంలో చేరాము. విశాఖపట్నంలో మా క్వార్టర్లు ఒకే వరుసలో ఉండేవి. పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టిన తరువాత మాకు ఒక అలవాటు ఏర్పడినది. ఉగాది వెళ్లిన మొదటి ఆదివారం మూడు కుటుంబాలూ కలిసి ఎక్కడికైనా బయలుదేరేవాళ్లము. ఒక ఏడు భీమునిపట్నం ఒడ్డు, ఒక ఏడు సింహాచలం కొండ, మరొక ఏడు అరకు రైలు ప్రయాణం. పులిహోర గిన్నె ఒకరిది, బొబ్బట్ల డబ్బా ఒకరిది, చాపలు, మంచినీళ్ల కూజా మరొకరి బాధ్యత.

1989లో మాలో ఒకనికి అండమాన్‌లో విద్యుత్తు పనులకు సంబంధించిన ఉద్యోగం వచ్చినది. శ్రీకాకుళం తీరం నుండి అక్కడికి వెళ్లి స్థిరపడిన బంధువులు అతనికి అప్పటికే ఉన్నారు. విశాఖ రేవులో ఓడ ఎక్కిస్తూ, "వచ్చే ఉగాది మీ ఇంట్లోనే" అని మాట ఇచ్చాము. వచ్చే ఉగాదికి ప్లాంటులో షట్‌డౌన్ పనులు వచ్చాయి. ఆ తరువాత పిల్లల పరీక్షలు, అమ్మాయిల పెళ్లిళ్లు, ఇంటి అప్పులు. ఎల్.టి.సి. వచ్చిన ప్రతిసారీ తీర్థయాత్రలే ముందుకు వచ్చేవి. ఉద్యోగ విరమణ తరువాత తీరికగా వెళదామనుకున్నాము. తీరిక వచ్చినది గాని, 2023లో మా రెండవ మిత్రుడు కాలం చేశాడు. మరుసటి సంవత్సరం అతని శ్రీమతి, మా వదినగారు, తానే కబురు చేశారు: "అన్నయ్యగారూ, ఆయన ఇచ్చిన మాట మిగిలిపోయింది. ఇక వాయిదా వేయవద్దు."

చెన్నై నుండి విమానంలో రెండు గంటలకు పైగా ప్రయాణం చేసి రాజధానిలో దిగాము. మనం పోర్ట్ బ్లెయిర్ అని చదువుకున్న ఈ నగరానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి నుండి వంతెన మీదుగా చాథమ్ అనే చిన్న ద్వీపానికి చేరాలి. 1883లో ప్రారంభమైన పేరుపొందిన రంపపు మిల్లు అక్కడే ఉన్నది. దాని సమీపంలోని రేవులో బాంబూఫ్లాట్ వెళ్లే పడవ ఎక్కాము. అది చిన్న నాటుపడవ కాదు. స్కూటర్లు, జీపులు, కూరగాయల బుట్టలు, బడిపిల్లలు, కార్యాలయ ఉద్యోగులు అందరినీ ఒకేసారి మోసుకుపోయే పెద్ద ఫెర్రీ. రోడ్డు మార్గాన చుట్టి వస్తే 40 కిలోమీటర్లు దాటే దూరాన్ని ఇది పావుగంటలో దాటిస్తుంది. పడవలో మా పక్కన నిలుచున్న ఇద్దరు స్త్రీలు చేపల ధరను గురించి అచ్చమైన శ్రీకాకుళం యాసలో మాట్లాడుకుంటుంటే, సముద్రం దాటి వచ్చామన్న మాటే మరచిపోయాము. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. బెంగాలీ, తమిళం తరువాతి స్థానం మనదే.

రేవులో మిత్రుడు నిలబడి ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరసినది. నన్ను చూసి, "ఏరా, ఇదేనా నీ వచ్చే ఉగాది?" అన్నాడు. తరువాత వదినగారిని చూసి మాట పెగలక, ఆమె చేతిలోని సంచీ అందుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల తరువాత వదినగారు ఆ సంచీలో నుండి ఒక రేకు పెట్టె తీశారు. అందులో ఈ మిత్రుడు అండమాన్ నుండి వ్రాసిన ఉత్తరాలు ఉన్నాయి. ఆమె భర్త అన్నింటినీ తేదీల వరుసలో దాచాడు. "ఇవి మీ దగ్గర ఉండాలి, తీసుకోండి" అన్నారు. మిత్రుడు చాలాసేపు వాటిని తాకకుండా చూస్తూ ఉండిపోయాడు. మేము అతనికి వ్రాసిన ఉత్తరాలు ఒక్కటి కూడా మిగలలేదని అప్పుడు చెప్పాడు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఇంటితో పాటే అవి కూడా పోయాయి.

ఆ ఉత్తరాలలో 1990 ఉగాదికి వ్రాసినది ఒకటి ఉన్నది. దానిని అతని శ్రీమతి పైకి చదివినది. ఇక్కడా కోయిల కూస్తున్నదనీ, అడవిలో చెట్లు ఆకు రాలుస్తున్నాయనీ, కాని తమ చుట్టుపక్కల వేపపువ్వు దొరకక పచ్చడిలో కాకరకాయ ముక్క వేసుకున్నామనీ అందులో ఉన్నది. మా వదినగారు వేపపువ్వు తేవడానికి కారణం ఆ ఉత్తరమే. ఆ పువ్వు కోసినది ఆమె భర్త తమ పెరటిలో నాటిన చెట్టు నుండి.

మార్చి 30, ఆదివారం, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. మన దేశమంతటికీ గడియారం ఒక్కటే గాని, ఈ దీవులు తూర్పుగా చాలా దూరాన ఉన్నందువలన ఇక్కడ సూర్యుడు మన ప్రామాణిక కాలం కంటె సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. అయిదుంబావు దాటేసరికి వెలుగు వచ్చినది. తలంట్లు, పూజ, పచ్చడి ఆరున్నరకే పూర్తయినవి. పచ్చడి నోట పెట్టుకోగానే ఇక్కడే పుట్టి పెరిగిన మిత్రుని మనుమరాలు, "తాతా, ఇది కాకరకాయ కంటె చేదు" అని ముఖం ముడిచినది. అందరమూ నవ్వుకున్నాము.

తరువాత పాత అలవాటు ప్రకారం పులిహోర, బొబ్బట్లు కట్టుకొని, రెండు జీపులలో కొండ మీదికి బయలుదేరాము. బాంబూఫ్లాట్ వెనుక లేచి ఉన్న ఈ పర్వతాన్ని చాలాకాలం మౌంట్ హేరియట్ అన్నారు. 1862 నుండి 1864 వరకు ఇక్కడి ఖైదీల వలసకు అధిపతిగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య పేరు అది. 1891 నాటి ఆంగ్లో-మణిపూర్ యుద్ధం తరువాత మహారాజు కులచంద్ర ధ్వజసింహుని, ఆయన అనుచరులను ద్వీపాంతరవాస శిక్షపై ఇక్కడికి పంపారు. సెల్యులార్ జైలు నిర్మాణం 1896లో గాని ప్రారంభం కాలేదు. అందువలన వారిని ఈ కొండ మీదనే ఉంచారు. ఆ జ్ఞాపకార్థం 2021లో దీనికి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. మన రంప పితూరీ వీరులలో కొందరు కూడా ఈ దీవులకు వచ్చినవారే అని పిల్లలకు చెప్పాము.

దారి పొడవునా అడవి. పడౌక్ అనే మహావృక్షం ఈ దీవుల రాష్ట్రవృక్షం. మన శేషాచలం కొండలలోని ఎర్రచందనానికీ, మన వేగిసకూ ఇది దగ్గరి చుట్టమే. మూడూ ఒకే ప్రజాతికి చెందినవి. శిఖరం 350 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అక్కడ మిత్రుడు జేబులో నుండి పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు తీసి, వెనుకవైపు చూపించాడు. దాని మీద ఉన్న కొబ్బరిచెట్లు, సముద్రం, దూరాన దీపస్తంభం కొండ మీది నుండి కనిపించే దృశ్యమే. 2019లో వచ్చిన కొత్త నోటు మీద ఎల్లోరా గుహలు ఉన్నాయి. "చుట్టాలు వస్తే చూపించడానికి ఈ నోటు ఖర్చు పెట్టకుండా దాచాను. మీ కోసమే" అన్నాడు.

చెట్ల నీడన చాపలు పరచుకొని భోజనం చేశాము. ఒక విస్తరి వేసి పక్కన ఉంచినవారు ఎవరో నేను చూడలేదు. దానిని గురించి ఎవరూ అడగలేదు. పిల్లలు కోయిలకు బదులు కూస్తూ అడవి అంచున ఆడుకున్నారు.

మధ్యాహ్నం తిరగగానే దిగివచ్చాము. ఈ కొండ దిగువన హోప్ టౌన్ అనే చోటు ఉన్నది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో కొండ మీద సూర్యాస్తమయం చూసి దిగి, చీకటి పడిన వేళ రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే పఠాన్ ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. ఆ మార్చి 11న షేర్ అలీని వైపర్ ద్వీపంలో ఉరి తీశారు. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయి ఆయన ఒక్కడే.

ఇంటికి వెళ్లేముందు మిత్రుడు మమ్మల్ని పల్లపు ప్రాంతానికి తీసుకువెళ్లాడు. ఒకప్పుడు వరిచేలు, కొబ్బరితోటలు ఉన్న నేల అది. ఇప్పుడు పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు నిండుతుంది. 2004 భూకంపంలో ఉత్తర అండమాన్ నేల పైకి లేచినది. ఇటు దక్షిణాన నేల మీటరుకు దగ్గరగా క్రుంగినది. అల వెనుకకు పోయినా, క్రుంగిన నేల మీదికి సముద్రం రోజూ వస్తూనే ఉన్నది. మిత్రుడు చేయి చాచి, "ఆ మొండి కొబ్బరిచెట్టు పక్కన మా వాకిలి" అని చూపించాడు. అక్కడ నీరు తప్ప మరేమీ లేదు.

"అప్పుడైనా తిరిగి వచ్చేయవలసినది కదా" అన్నాను. అతడు కొంచెం ఆగి, "మెరకన ఇల్లు కట్టుకోవడానికి సాయం పట్టినవాళ్లంతా ఇక్కడివాళ్లేరా. బెంగాలీవాడు కలప ఇచ్చాడు, తమిళుడు తాపీ పని చేశాడు. అప్పుడు మీరు వస్తారనుకున్నాను" అన్నాడు. అతని మాటలో నిష్ఠూరం లేదు. అందువల్లనే నాకు సమాధానం తోచలేదు. ఆ సంవత్సరం నేను ఒక మనియార్డరు పంపి, కర్తవ్యం తీరినదనుకున్నాను.

మరునాడు ఫెర్రీ ఎక్కే ముందు వదినగారు మిగిలిన వేపపువ్వును ఎండబెట్టి ఒక సీసాలో పోసి మిత్రుని శ్రీమతికి ఇచ్చారు. "వచ్చే ఏటికి ఇది ఉంటుంది, ఆ పైయేటికి మీరే రండి" అన్నారు.

వెళ్లదలచిన ఉద్యోగి మిత్రులకు ఒక మాట. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు వానలు తక్కువగా ఉండి ప్రయాణానికి అనుకూలం. మే నెలలో ఋతుపవనాలు వస్తాయి. బాంబూఫ్లాట్‌కు ఒక పూర్తి రోజు కేటాయించండి. చీకటి అయిదున్నరకే పడుతుంది గనుక కొండ నుండి పెందలకడనే దిగండి. అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి. దూరాన ఉన్న పాత మిత్రునికి "వచ్చే ఏడు వస్తాము" అని మీరు చెప్పి ఉంటే, ఈ ఏడే సెలవు దరఖాస్తు పెట్టండి.