పూరింపని పాదము

మా పాఠశాలలోఁ జదివి విశ్వవిద్యాలయమునకుఁ బోయిన పిల్లలు సెలవులలో నన్నుఁ జూడవత్తురు. మొన్న వచ్చిన వారిలో సాహిత్యము చదువుచున్న యొకనిని, "శాకుంతలములో దుష్యంతుని మఱపును నీవైనచో క్షమింతువా?" యని యడిగితిని. "అది పరీక్షలో రాదండి, మాస్టారూ" అనెను. తెలివిగలవాఁడే, ప్రథమశ్రేణిలో నున్నాఁడు.

తప్పు వానిది గాదు. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు 1857లో లండను విశ్వవిద్యాలయపు మాదిరిని పరీక్షలు జరుపు సంస్థలుగాఁ బుట్టినవి. బోధన కళాశాలల వంతు. పిమ్మట నెన్ని మాఱినను పెత్తనము పరీక్షకే మిగిలినది.

మన సభలలో వేఱొక పద్ధతి కలదు. పృచ్ఛకుఁ డసంబద్ధముగాఁ దోఁచు నొక పాదమును సమస్యగా నిచ్చును. తక్కిన మూఁడు పాదములను గూర్చి దానికి సంగతి కల్పించుట యవధాని పని. కుంభకోణమున శ్రీనివాస రామానుజన్ చేతికి 1903లోఁ జిక్కిన కార్ గారి గణితగ్రంథ మట్టిదే: సిద్ధాంతములు వేలకొలఁది, ఉపపత్తులు మాత్రము మిక్కిలి స్వల్పము. పూరణ మా బాలునికి మిగిలెను. గణితములో మునిఁగి తక్కిన పాఠములు విడిచి, యతఁ డెఫ్.ఏ. పరీక్షలోఁ దప్పెను!

ఏమియు వల్లింపనివాఁ డేమి కల్పించును? ఛందస్సు రానివాఁడు సమస్య పూరింపలేఁడు. అమరము వల్లించిన నోటితో నేను కంఠస్థమును నిందింపను. కాని వల్లించినదానితో నేమి చేయుదువని యడుగువాఁ డుండవలెను గదా! ఉపన్యాసకుఁడు వారమున కొక్క ప్రశ్ననైన విప్పక విద్యార్థులకు విడువవలెను. పరీక్షాపత్రములో నొక ప్రశ్న, దిద్దువానికిని ముందుగా జవాబు తెలియనిదై యుండవలెను. అట్టి జవాబులు దిద్దుట కష్టమందురా? కష్టమే.