లేడీ ఫొటోగ్రాఫర్ ఉన్నారని ఎక్కడ రాశారు?

జల్‌పల్లిలో ఫొటో స్టూడియో నడుపుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఓ చాయ్ తాగుతూ నాలుగు మాటలు చెప్పుకుందాం రండి.

పెళ్లిళ్ల సీజన్ రాగానే ఇన్‌స్టాలో రీల్ పెట్టి ఊరుకుంటున్నారు. నాలుగు రోజులు పోతే దాన్ని వెతుక్కుని చూసేదెవరు? సొంత వెబ్‌సైట్ ఉంటే సొంతింట్లో ఉన్నట్టే. అడిగినవాళ్లకు అడ్రస్ పంపితే చాలు.

మరి అందులో ఏం పెట్టాలంటారా? ఈ విషయంలో నాకు గురువు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు కొలువు చేసి, తర్వాత మన సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్. ఆయన ప్రింట్లు దొరికితే కింది అంచు చూడండి. చిన్న అక్షరాల్లో ఆయన పేరు, ఓ నంబరు, అది ఎక్కడి బొమ్మో ఆ వివరం కనిపిస్తాయి. మీ సైట్‌లోనూ ప్రతి ఫొటో కింద ఊరి పేరు, ఫంక్షన్ హాల్ పేరు రాయండి. గూగుల్‌లో వెతికేవాళ్లకు దొరికేది ఆ మాటలతోనే.

అంతకన్నా గొప్ప పని ఇంకోటి చేశాడాయన. పరదా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. అక్కడ కెమెరా పట్టింది ఓ ఆంగ్లేయ మహిళ. ఆ ఇళ్ల ఇబ్బందేమిటో తెలుసుకుని పెట్టాడు చూడండి, అదీ వ్యాపారమంటే!

మన పహాడీ షరీఫ్ చుట్టుపక్కల షాదీల్లో ఆడవాళ్ల వైపు మగ ఫొటోగ్రాఫర్‌ను రానివ్వని కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. "లేడీ ఫొటోగ్రాఫర్ ఉన్నారా?" అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. మీ దగ్గర ఉంటే ఆ మాట మొదటి పేజీలోనే తెలుగులో, ఉర్దూలో పెద్దక్షరాలతో పెట్టండి. కరిజ్మా ఆల్బమ్‌కు ఎన్ని షీట్లు, డ్రోన్‌కు ఎంత, అడ్వాన్స్ ఎంత, అవీ దాచకండి.

యాభై పెళ్లిళ్ల నుంచి ఏరిన ముక్కలు పెట్టేకంటే నలుగు నుంచి అప్పగింతల దాకా ఒకే పెళ్లి వరసగా చూపండి. కెమెరాలోంచి వచ్చిన పది ఎంబీల ఫైలు అలాగే ఎక్కించకండి, సైజు తగ్గించండి. ఫోన్‌లో పేజీ తెరుచుకోకపోతే పెళ్లికూతురి నాన్న ఇంకో స్టూడియోకు ఫోన్ కొడతాడు.

ఒక్క మాట మాత్రం మరవకండి. పెళ్లివారిని అడగందే ఏ ఆడపిల్ల ఫొటో సైట్‌లో పెట్టొద్దు. ఒప్పుకుంటే రాయించుకోండి, తర్వాత వద్దంటే ఆరోజే తీసేయండి.