భీమిలిలో కోట ఏదండీ?

నిన్న అటక మీద పెట్టె దులుపుతుంటే డిగ్రీ రోజుల ఫోటో ఒకటి దొరికింది. ఆ రోజు మా మాస్టారితో కలిసి తెల్లారుగట్ల తునిలో రైలెక్కి విశాఖపట్నం, అక్కణ్ణుంచి బస్సులో భీమిలి. రాత్రికల్లా మళ్లీ తుని. చేతిలో పులిహోర పొట్లాలు.

"డచ్చివాళ్ల కోట, పాత చర్చి చూపిస్తాను" అన్నారు మాస్టారు. కోటంటే మా బుర్రల్లో సినిమా సెట్టింగే. తీరా వెళ్తే బురుజుల్లేవు, ఫిరంగుల్లేవు. "కోట ఏదండీ?" అంటే ఆయన సముద్రం వైపు చెయ్యి ఊపి ఊరుకున్నారు.

మిగిలింది సమాధులే. 17వ శతాబ్దంలో బట్టల వ్యాపారానికొచ్చి, ఇంటికి తిరిగెళ్లని వాళ్లవి. నల్లరాతి పలకల మీద నగిషీ అక్షరాలు, వేలు పెట్టి తడిమితే ఇంకా పదునుగానే ఉన్నాయి. ఏళ్ల అంకెలు తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. మనవాళ్లు వీళ్లని వలందులనేవారట. బందరులో వలందపాలెం ఉండనే ఉంది. 1825లో భీమిలి ఇంగ్లీషువాళ్ల చేతికెళ్లింది. 1864 నాటి సెయింట్ పీటర్స్ చర్చి ఇంగ్లీషువాళ్లదే. రంగుటద్దాల్లోంచి పడ్డ ఎండ మా తెల్లచొక్కాల మీద ఎర్రగా, నీలంగా. అందరం చేతులు చాపి చూసుకున్నాం.

ఫోటోలో చర్చీ లేదు, సమాధుల్లేవు. గోస్తనీ సముద్రంలో కలిసేచోట ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి పదిమందిమి. చివర మాస్టారు, మా చెప్పులన్నిటికీ కాపలా.