ఫారం-1లో ఆఖరి ప్రశ్న

డ్రైవింగ్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఫారం-1 అని ఒకటి నింపాలి. మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే మాట అది. మూర్ఛ వస్తుందా, రేచీకటి ఉందా, చెవుడుందా అని వరసగా అడుగుతుంది. మా అమ్మాయి వీటికి రెండు నిమిషాల్లో జవాబు పెట్టేసింది. ఆఖరి ప్రశ్న దగ్గర మాత్రం మా ఇంట్లో మూడు వారాలు తర్జనభర్జన. బండి నడిపితే జనానికి ప్రమాదం తెచ్చే జబ్బుగానీ వైకల్యంగానీ ఇంకేదైనా ఉందా అని దాని సారాంశం.

పిల్లకి 19 ఏళ్లు. ఆటిజం ఉందని నిరుడే విశాఖలో డాక్టరుగారు తేల్చారు. మా అరకులో కాలేజీకి వెళ్లాలంటే షేర్ ఆటోనో జీపో ఎక్కాలి. ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టు ఉంటుంది, పైగా చెవులు పగిలే పాటలు. మనకి చిరాకు, తనకి నరకం. స్కూటీ లేకపోతే చదువు మానేస్తానంది. అంచేత ఇది సరదా బండి కాదు.

"పెళ్లి కావాల్సిన పిల్ల. గవర్నమెంటు కాగితం మీద మన చేత్తో మనమే రాసిస్తామా?" అన్నారు మా అత్తగారు. మావారు ఉన్నదున్నట్టు రాసేద్దామన్నారు. అబద్ధం చెప్పి తెచ్చుకున్న లైసెన్సుని రద్దు చేసే అధికారం మోటారు వాహనాల చట్టంలో ఉంది, ఆయన భయం అది. రాస్తే అసలు ఇవ్వరేమోనని నా భయం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. కాబట్టి 'ఉంది' అనే రాయాలేమో అనిపిస్తుంది. కానీ నేను తెలుగు బీఏ చదివినదాన్ని, విశేషణం వదిలేసి వాక్యం చదవలేను. అడుగుతున్నది వైకల్యం ఉందా అని కాదు, ప్రమాదం తెచ్చే వైకల్యం ఉందా అని. బ్రిటన్‌లో ఉన్న మా తమ్ముడు చెప్పాడు, అక్కడ లైసెన్సులిచ్చే డీవీఎల్ఏ 2019లో ఆటిజం ఉన్నవాళ్లంతా తమకి తెలపాల్సిందేనని వెబ్‌సైటులో పెడితే పెద్ద గొడవై వెనక్కి తీసుకుందట. డ్రైవింగ్ మీద ప్రభావం ఉంటేనే చెప్పాలిప్పుడు.

మరి మా పిల్ల మీద ప్రభావం ఉందా? దానికి జవాబు డయాగ్నోసిస్ కాగితంలో లేదు. ఆరేళ్లుగా సైకిలు తొక్కుతోంది. మలుపు దగ్గర ఎదురుగా ఎవరూ లేకపోయినా బెల్లు కొట్టకుండా దాటదు. దారిలో ఆవులు పడుకునే చోట్లన్నీ కంఠతా. అయితే సంత రోజున ఒక జీపు రాంగ్ సైడులో వచ్చి హారన్ మోగిస్తే, పక్కకి తిప్పకుండా రోడ్డు మధ్యలో కాలు ఆన్చి నిలబడిపోయింది. రూలు తప్పినవాణ్ణి చూస్తే తనకి బుర్ర ఆగిపోతుంది. ఇది దాచుకోవాల్సిన సంగతి కాదు, చూసుకోవాల్సిన సంగతి.

డాక్టరుగారు కూడా ఆటిజం అన్న పేరు పట్టుకోలేదు. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా (ఆటిజం ఉన్నవాళ్లలో అవి ఎక్కువట), మత్తునిచ్చే మందులేమైనా వాడుతోందా, పెద్ద శబ్దానికి ఎంతసేపట్లో తేరుకుంటుంది అని అడిగారు. రెండూ లేవు. మూడోదానికి నెల్లాళ్లు మైదానంలో వాళ్ల నాన్న కావాలని స్కూటీకి ఎదురెళ్లి హారన్లు కొట్టారు. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకున్నారో! బ్రేకు, ఎడమకి, ఆగు అని ముందే వరస ఏర్పరచుకున్నాక నిలబడిపోవడం పోయింది. హెల్మెట్ అంటే ఇష్టం కూడానూ, చప్పుడు తగ్గుతుందని.

చివరికి ఆ గడిలో 'లేదు' అని తనే పెట్టింది. డాక్టరుగారి ఉత్తరం ఫైల్లో ఉంది, అడిగితే చూపించడానికి. సంత రోజుల్లో బండి తియ్యకూడదని, శృంగవరపుకోట దిగే ఘాట్ జోలికి పోకూడదని కూడా తనే రాసుకుంది. గాలికొండ దగ్గర మంచు పట్టిందంటే నాకే గుండె జారుతుంది.

ఎల్ఎల్ఆర్ వచ్చింది. 30 రోజులు దాటాక టెస్టు. నిన్న రాత్రి నన్ను అడిగింది, "అమ్మా, ఇనస్పెక్టరుగారు 'కొంచెం ముందుకి పోనీ' అంటే ఎన్ని అడుగులు?" నేను జవాబు చెప్పేలోపే నోటుబుక్కులో చీటీ రాసేసుకుంది, టెస్టుకి ముందు ఆయనకి ఇవ్వడానికి: 'నాకు ఆటిజం ఉంది. ఎక్కడ ఆపాలో చేత్తో చూపించండి సార్.' అత్తగారికింకా చెప్పలేదు.