అరకులోయలో పెద్ద పటం

విశాఖపట్నంలో పొద్దున్నే కిరందూలు వెళ్ళే రైలు ఎక్కితే, శృంగవరపుకోట దాటాక బండి మెల్లగా కొండ ఎక్కటం మొదలుపెడుతుంది. దారిలో 58 సొరంగాలున్నాయి. చీకటి, వెలుగు, మళ్ళీ చీకటి! పిల్లలు వేళ్ళు మడిచి లెక్కపెడుతూ కూర్చుంటారు గాని, కిటికీలోంచి ఏ జలపాతమో కనబడగానే ఆ లెక్క కాస్తా తప్పిపోతుంది. బొర్రా గుహలు దాటి, 996 మీటర్ల ఎత్తున వున్న సిమిలిగుడ స్టేషను చేరేసరికి చలి తెలుస్తుంది. ఆ తరవాత వచ్చేదే అరకులోయ.

నేను వెళ్ళింది వలిసె చేలు పూసిన రోజుల్లో. కొండవాలు నిండా పసుపు ఆరబోసినట్టుంటుంది. గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట చుట్టూ కోటగోడల్లా నిలబడి వుంటవి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లను అల్లుకుని మిరియాల తీగెలు. బగతలు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు మొదలైన గిరిజనులు ఈ కొండల్లో తరతరాలుగా వుంటున్నారు. తెల్లవారి లేచి చూస్తే లోయంతా పాలకుండలా మంచుతో నిండిపోయి వుంటుంది. చూడవచ్చినవారికి ఆ మంచు పండుగే. కాగితానికి మాత్రం అది శత్రువు!

ఈ సంగతి అక్కడి ఒక ఆశ్రమ పాఠశాలలో నాకు బాగా తెలిసివచ్చింది. గోడలకు తగిలించిన పటాలన్నీ అంచులు చుట్టుకుని, నడుమ ఉబ్బి, బూజు పట్టి వున్నవి. నేను వారికోసం ఒక కొత్త పటం తీసుకువెళ్ళాను. అది ఆ ప్రాంతపు సర్వే పటం. మనదేశంలో 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా వారు తయారుచేసే ఈ పటాలలో, రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరుకు సమానం. నేను దానిని రెట్టింపు చేసి అచ్చు వేయించాను గనుక పొడవు మీటరు దాటింది.

"దీన్ని కూడా మేకులు కొట్టి తగిలించేద్దామా, మాస్టారూ?" అన్నాడొక కుర్రవాడు.

"ఏమర్రా, వచ్చే వానాకాలానికి ఇదీ వాటిలాగే కావాలా?" అన్నాను. అందరం కలిసి దానిని అట్టకు అంటించటానికి పూనుకున్నాం.

కాగితం ఎందుకు చుట్టుకుపోతుందో ముందు తెలుసుకోవాలి. వానాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకుపోతుంది గదా! చెక్క తేమను పీల్చి ఉబ్బటమే అందుకు కారణం. కాగితం కూడా చెట్టు పీచుతో చేసినదే. తేమ తగిలితే పీచు లావెక్కుతుంది గాని, పొడవు పెద్దగా పెరగదు. యంత్రం మీద చేసిన కాగితంలో పీచు ఎక్కువగా ఒకే వాటంగా పడి వుంటుంది. అందుచేత కాగితం ఒక దిక్కున ఎక్కువా, ఇంకొక దిక్కున తక్కువా సాగుతుంది. ఒక చదరపు కాగితం ముక్కను నీళ్ళమీద మెల్లగా పరిచి చూడండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం ఏ దిక్కుగా వుందో, పీచు వాటం కూడా ఆ దిక్కే.

ఇక మా పని చెబుతాను. ఒక వంతు మైదాకు అయిదు వంతుల నీళ్ళు పోసి, ఉండలు లేకుండా కలిపి, సన్నని మంటమీద కాచాం. చల్లారాక పలచని గుడ్డలో వడకట్టాం. పురుగు పట్టకుండా కొందరు ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు ముట్టరాదు. తరవాత పటం మూల తడిదూదితో అద్ది చూశాం. రంగు అంటలేదు. అంటితే ఈ పద్ధతి పనికిరాదు.

పటం వెనకవైపు తడిగుడ్డతో సమంగా తడిపి, కొన్ని నిమిషాలు ఆగాం. కాగితం సాగేదేదో ముందే సాగిపోతే, అంటించాక ముడతలు రావు. పటం వాటమూ, అట్ట వాటమూ ఒకే దిక్కుగా వుండేటట్టు చూసుకుని, వెనక జిగురు పలచగా పూశాం. నలుగురు నాలుగు మూలలూ పట్టుకుని అట్టమీద దించారు. పైన తెల్లకాగితం వేసి, నడుమనుంచి అంచులకు పొడిగుడ్డతో రాస్తూ గాలిబుడగలన్నీ వెళ్ళగొట్టాం.

అంతటితో చాలదు. ఆరేటప్పుడు కాగితం ముడుచుకుంటూ అట్టను విల్లులా వంచుతుంది. కనుక వెంటనే అట్ట వెనకవైపు కూడా అలాంటి కాగితాన్నే, అదే వాటంగా, అదే జిగురుతో అంటించాం. తాడులాగుడు ఆటలో రెండు పక్షాలూ సమఉజ్జీలైతే తాడు కదలదు గదా! ఇదీ అంతే. ఆ తరవాత పొడి తెల్లకాగితాల నడుమ పెట్టి, బల్ల వేసి, పైన బరువులు పేర్చాం. ఆ మంచులో ఆరటానికి మూడు రోజులు పట్టింది. పూటపూటా కాగితాలు మార్చటం పిల్లల వంతు.

ఇంతలో ఒక అమ్మాయి ఇంటినుంచి ఒక పెద్ద ఫోటో తెచ్చింది. వాళ్ళ అవ్వ వయసులో వుండగా, తోటివారితో చేతులు కలిపి థింసా ఆడుతున్న ఫోటో అది. "దీన్ని కూడా అంటించండి, మాస్టారూ!" అన్నది.

నేను అంటించలేదు. పటం పాడైతే మళ్ళీ అచ్చు వేయించుకోవచ్చు. ఆ ఫోటో ఒక్కటే వున్నది. ఒకసారి జిగురుతో పూర్తిగా అంటిస్తే, క్షేమంగా ఊడదీయటం చాలా కష్టం. అందుచేత పై అంచున మాత్రం రెండు పలచని కాగితపు బద్దీలతో అట్టకు వేలాడదీశాం. తేమకు సాగినా, ముడుచుకున్నా దానికి చోటు వుంటుంది. అద్దం తగిలితే చెమ్మకు ఫోటో అతుక్కుపోతుంది కనుక, నడుమ కిటికీలా కోసిన అట్ట పెట్టి చట్రం బిగించాం. చట్రం వెనక చిన్న చెక్కముక్కలు అంటించి, గోడకు తగలకుండా గాలి ఆడేటట్టు చేశాం.

నాలుగో రోజున పటం బల్లపరుపుగా వచ్చింది. పిల్లలు దానిమీదికి వంగి, వాగులు వెంబడి వేళ్ళు పోనిచ్చి తమ తమ ఊళ్ళు వెతుక్కున్నారు. సమానమైన ఎత్తును చూపే గీతలు పటమంతా వున్నవి. అవి దగ్గరగా వుంటే కొండ నిటారు, దూరంగా వుంటే నేల చదును. ఫోటో తెచ్చిన అమ్మాయి గీతలు కిక్కిరిసిన చోట వేలు పెట్టి, "మా అవ్వ కట్టెలకు ఎక్కే కొండ ఇదే!" అన్నది.

మీ ఇంట్లో కూడా తాతయ్యల నాటి ఫోటోలు వుంటవి. చట్రం కట్టించే ముందు, అటువంటిది మళ్ళీ దొరుకుతుందా అని ఒకసారి ఇంట్లో పెద్దవారిని అడగండి. దొరకదంటే దానికి జిగురు పూయనివ్వకండి.